బొమ్మ పడింది... మనిషేడీ?

2014 మే 23, శుక్రవారం. పొద్దున పది కూడా కాలేదు, విజయవాడ బెంజ్ సర్కిల్లో మన చెప్పుల కింద తారు మెత్తబడుతోంది. రోహిణి కార్తె గుమ్మంలో ఉంది. తలెత్తితే ఎండా, కరెంటు తీగలూ తప్ప ఏమీ లేవు. ఇక్కడ ఫ్లైఓవర్ లేవడానికి ఇంకా కొన్నేళ్లు పడుతుంది. అందాకా చెన్నై నుంచి కలకత్తా పోయే లారీ, హైదరాబాదు నుంచి బందరు పోయే బస్సు ఈ నేల మీదే ఎదురుపడాలి. హారన్లతో ఒకదాన్నొకటి తిట్టుకోవాలి. పోలీసు చెయ్యి ఊపేదాకా ఆగాలి. ఈ గోలంతా కాకాని వెంకటరత్నం విగ్రహం చుట్టూ జరుగుతోంది. స్క్రూ బ్రిడ్జి వైపు నాలుగడుగులు వేస్తే బందరు కాలవ. వేసవిలో కాలవలు కట్టేస్తారు కదా, అడుగున బురద తేలి ఉంది.

ఎన్నికల ఫలితాలొచ్చి నేటికి సరిగ్గా వారం. ఇంకో పది రోజుల్లో రాష్ట్రం రెండవుతుంది. కిళ్లీకొట్టు దగ్గర రాజధాని ఎక్కడొస్తుందన్న లెక్కలు నడుస్తున్నాయి. గజం ఎంత పలకబోతోందో ఒకాయన గట్టిగా చెబుతున్నాడు. ఇంకొకాయన నమ్మడం లేదు గానీ, ఆ అంకె మాత్రం రెండోసారి అడిగి చెప్పించుకున్నాడు.

కొట్టు పక్క గోడ మీద రెండు పోస్టర్లు భుజం భుజం ఆనించుకుని ఉన్నాయి. ఒకదాంట్లో కవచం తొడిగి కత్తి పట్టిన రజనీకాంత్: 'విక్రమసింహ'. రెండోదాంట్లో అక్కినేని వారి మూడు తరాలు: 'మనం'. రెండూ ఇవాళే విడుదల.

మనతో వస్తున్నాయన ఆటోనగర్‌లో లారీలకు వైరింగ్ పని చేస్తాడు. వయసు నలభై దాటింది, వేళ్ల సందుల్లో గ్రీజు ఎంత తోమినా పోలేదు. ఇవాళ షెడ్డుకు పోలేదు. రజనీ సినిమా మొదటి రోజు పనికి పోయిన పాపం ఇంతవరకూ తనకు అంటలేదని చెప్పుకుంటాడు. పక్కన పదేళ్ల మేనల్లుడు, గుడివాడ నుంచి వేసవి సెలవులకొచ్చాడు. వాడి లెక్కలు వేరు. ఈ నెలలోనే కొత్త స్పైడర్‌మ్యాన్ చూశాడు. రోజూ పోగోలో ఛోటా భీమ్ చూస్తాడు. ఆ లడ్డూల పిల్లాణ్ణి తయారు చేసింది మన హైదరాబాదులోని గ్రీన్ గోల్డ్ యానిమేషన్ అని చెబితే వాడు నమ్మలేదు. 2008లో టీవీలో మొదలై, 2012 నాటికి సినిమా హాళ్లదాకా ఎక్కిన బొమ్మ అది.

"మావయ్యా, ఇవాళ్టి సినిమాలో రజనీకాంత్ నిజంగా ఉంటాడా, బొమ్మ ఉంటదా?"

"రెండూనురా. ఆయనే చేశాడు, బొమ్మలో పెట్టారు."

"అంటే?"

"చూస్తావుగా, పద."

షేర్ ఆటో ఎక్కుతాం. ముందు సీట్లో డ్రైవరుకు అటొకరు ఇటొకరు, వెనక నలుగురు, మన ఒళ్లో పిల్లాడు. బందరు రోడ్డు మీద లబ్బీపేట, మునిసిపల్ స్టేడియం వెనక్కి పోతాయి. కుడివైపు మళ్లి, గవర్నర్‌పేట సందుల్లోంచి ఏలూరు రోడ్డు దాటితే గాంధీనగర్. ఒకప్పుడు ఈ వీధుల్లోని పంపిణీ ఆఫీసుల నుంచే రీళ్ల డబ్బాలు కోస్తా ఊళ్లన్నిటికీ రైళ్లలో, బస్సుల్లో కదిలేవి. ఏ సినిమా నిలబడుతుందో, ఏది రెండో వారానికి దిగిపోతుందో ముందుగా పసిగట్టేది ఇక్కడి మేడమెట్ల మీద కూర్చునేవాళ్లే. 1921లోనే మారుతీ హాలు వెలిసిన ఊరిది. విజయవాడ ప్రేక్షకుడు మెచ్చుకోవడంలో లోభి కాదు, తిప్పికొట్టడంలోనూ అంతే.

హాలు ఆవరణలో రెండు గుంపులు. 'మనం' వైపు ఆడవాళ్లు ఎక్కువ, ముసలివాళ్లు ఎక్కువ. అక్కినేని నాగేశ్వరరావు ఫొటోకు బంతిపూల దండ వేసి ఉంది. ఆయన పోయి నాలుగు నెలలే, జనవరి 22న. లోపలికి వెళ్లేవాళ్లలో కొందరు ఫొటో ముందు ఒక్క క్షణం ఆగి కదులుతున్నారు. 'విక్రమసింహ' వైపు కుర్రాళ్లు, మన మెకానిక్ లాంటి నడివయసు వీరాభిమానులు, అమ్మానాన్నల చేతులు పట్టి లాగుతున్న పిల్లలు. గేటు దగ్గర త్రీడీ కళ్లద్దాలు పంచుతున్నారు. మెకానిక్ తన అద్దాలను చొక్కా అంచుతో తుడిచి, పిల్లాడి అద్దాలను కూడా తుడిచి ఇచ్చాడు.

లోపల చల్లగా ఉంది. చెమట ఆరే లోపు దీపాలు ఆరాయి. బొమ్మ పడింది. రజనీ పేరు పడగానే హాలు లేచింది. కాగితాల ముక్కలు గాల్లోకి ఎగిరాయి. మన పక్కన మెకానిక్ రెండు వేళ్లు నోట్లో పెట్టుకుని కొట్టిన ఈల, బెంజ్ సర్కిల్ లారీ హారనుకు తీసిపోదు.

ఆ తర్వాత తెర మీద ఆయనే వచ్చాడు.

ఈల మొదలైంది. సగంలో ఆగింది.

ఎవరూ తిట్టలేదు, ఎవరూ లేచిపోలేదు. హాలంతా కళ్లద్దాలు సరిచేసుకుంది. మసకగా ఉన్నది అద్దాల తప్పేమో అన్నట్టు. మెకానిక్ కూడా తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. తెర మీది మనిషి నడక రజనీదే. భుజం కాస్త ముందుకు తోసి, మెడ ఒక విసురుతో తిప్పి, మూడు అడుగుల్లో నేలను తనది చేసుకునే ఆ నడక పొరపడదగినది కాదు. గొంతు కూడా ఇన్నేళ్లుగా తెలుగువాళ్లకు అలవాటైన మనో గొంతే. నడకా ఉంది, గొంతూ ఉంది. ఆ రెంటి మధ్య ముఖం మాత్రం ఎవరిదో. చర్మం మీద రంధ్రం లేదు, ముడత లేదు. పెదవులు మాటకు ఒక అరక్షణం వెనక కదులుతున్నట్టున్నాయి. కళ్లు ఎదుటి మనిషిని చూడటం లేదు, ఆ మనిషి వెనక ఉన్న గోడను చూస్తున్నాయి.

పిల్లాడు మెకానిక్ చెవి దగ్గర అడిగాడు: "మావయ్యా, ఇది గేమా?"

"నోర్ముయ్. చూడు."

చూస్తున్నాం. కథ బాగానే పరుగెడుతోంది. చిన్నప్పుడు నీళ్లపాలై పరాయి రాజ్యంలో పెరిగిన వీరుడు, అక్కడ సేనాధిపతి అవుతాడు. బానిసలుగా మగ్గుతున్న తన దేశపు సైనికుల్ని యుక్తితో సైన్యంలో కలిపిస్తాడు. అదను చూసి వాళ్లందరితో సొంత గడ్డకు చేరతాడు. ముసుగేసుకుని రాజు మీద కత్తి దూసినవాడూ అతనే. ఎందుకన్నది తండ్రి కథలో ఉంది. పగ, మోసం, రాజసభ, శిరచ్ఛేదం: జానపద సినిమా మీద పెరిగిన తెలుగువాడికి కావలసినవన్నీ ఉన్నాయి. రాసింది కె.ఎస్. రవికుమార్. 'ముత్తు', 'నరసింహ' తీసిన చెయ్యి అది.

అయినా హాల్లో ఏదో జారిపోతోంది. యుద్ధంలో గుర్రాలు దూకుతున్నాయి, ఓడలు ఢీకొంటున్నాయి, ఒక్కడు వందమందిని కూలుస్తున్నాడు. ఎవరికీ దెబ్బ తగిలినట్టు లేదు. కత్తి కవచానికి తగిలితే చప్పుడు వస్తోంది గానీ ఆ చెయ్యి అదరడం లేదు. మనిషి దూకితే నేల అతణ్ణి ఆపినట్టు లేదు. వాలే చోటు ముందే గీసిపెట్టి ఉంది, అక్కడ వాలాడు. ముందు వరసలో కుర్రాళ్లు ఈల వేద్దామని వేళ్లు నోటిదాకా తెస్తున్నారు, దించేస్తున్నారు.

'నరసింహ' గుర్తు చేసుకుందాం. 1999. కూర్చోడానికి కుర్చీ ఇవ్వదు నీలాంబరి వేషంలోని రమ్యకృష్ణ. రజనీ ఉత్తరీయం పైకి విసిరి, పైనున్న ఉయ్యాల బల్లను కిందికి లాగి దాని మీద కూర్చుంటాడు. లోకంలో ఎవరూ చెయ్యలేని పని. అయినా ఆ రోజు హాళ్లు దద్దరిల్లాయి. కారణం ఆ బట్ట విసురు ఒక్కటే కాదు. ఉయ్యాల దిగుతున్నప్పుడు రమ్యకృష్ణ ముఖంలో కదిలిన కోపం, కూర్చున్నాక రజనీ కళ్లలో మెదిలిన కొంటెతనం మనకు కనిపించాయి. ఇద్దరు మనుషులు, వాళ్ల మధ్య ఒక అసాధ్యం. మనుషులు నిజం కాబట్టి అసాధ్యం చెల్లింది.

ఆ చెల్లుబాటు మనకు రజనీతో మొదలవలేదు. 1957లో 'మాయాబజార్'లో పెళ్లివారి వంటలన్నీ ఒక్కడే ఊడ్చేస్తాడు. లడ్డూలు వాటంతటవే నోట్లోకి ఎగిరివస్తాయి. మార్కస్ బార్ట్‌లీ కెమెరా చేసిన గారడీ అది. కానీ ఆ లడ్డూలు వెళ్లింది ఎస్వీ రంగారావు నోట్లోకి. ఇక్కడికి దగ్గర్లోని నూజివీడులో పుట్టిన మనిషి నిజంగా నోరు తెరిచాడు, నిజంగా బుగ్గలు ఉబ్బించాడు, నిజంగా భుజాలు ఎగరేసి నవ్వాడు. తెలుగు తెరకు తొలి సూపర్‌హీరో ఎవరంటే ఆ ఘటోత్కచుడి పేరే చెప్పాలి. గదా, గాలిలో ఎగరడం, రూపం మార్చడం, అన్నీ ఉన్నాయి. వాటన్నిటి కింద పెద్ద ఒళ్లు, ఆ ఒంటికి బరువు, ఆ బరువుకు ఆకలి కూడా ఉన్నాయి.

ఇంటర్వెల్. దీపాలు వెలిగాయి. సమోసాల గిన్నె చుట్టూ మూగిన జనంలో మాటలు మొదలయ్యాయి. ఇంజినీరింగ్ చదివే కుర్రాడొకడు, నెలల తరబడి ఈ సినిమా కబుర్లన్నీ పోగేసినట్టున్నాడు, వినేవాడు దొరికాడని మెకానిక్‌కు చెప్పడం మొదలెట్టాడు.

ఆ కుర్రాడు చెప్పిన పద్ధతి ఇది. నటుడికి ఒంటికి అంటుకునే నల్లటి బట్ట తొడుగుతారు. కీళ్ల దగ్గర, మోచేతుల దగ్గర, మోకాళ్ల దగ్గర మెరిసే చిన్న చిన్న గుండ్లు అతికిస్తారు. చుట్టూ పదుల కెమెరాలు ఆ గుండ్లనే చూస్తాయి, మనిషిని చూడవు. ఏ గుండు ఏ క్షణాన ఎక్కడుందో లెక్క కట్టి, కంప్యూటర్ లోపల ఒక అస్థిపంజరాన్ని కదిలిస్తుంది. రజనీ నడకంతా అలా లండన్‌లో పట్టారు. అందుకే తెర మీది నడక ఆయనదే. అస్థిపంజరం మీద కండ, కండ మీద చర్మం, చర్మం మీద వెలుగు, జుట్టు, గుడ్డ మడత, కన్నీటి తడి మాత్రం తర్వాత మనుషులు కూర్చుని కట్టుకోవాలి. ముఖానిది మరీ కష్టం. కనురెప్ప వాలే వేగంలో, నవ్వు కంటి కొసకు పాకడంలో కొంచెం తేడా వచ్చినా చూసేవాడికి తెలిసిపోతుంది. 'అవతార్' వాళ్లు ప్రతి నటుడి ముఖం ముందూ చిన్న కెమెరా వేలాడదీసి, ముఖాన్ని విడిగా పట్టారు. ఆ సినిమాకు ఇరవై మూడు కోట్ల డాలర్ల పైమాట ఖర్చయింది. దీనికి వంద కోట్ల రూపాయల పైన అంటున్నారు. మన లెక్కలో పెద్ద మొత్తమే, ఆ లెక్కలో చిన్న వాటా.

"డబ్బు తక్కువైందంటావా?" మెకానిక్ అడిగాడు.

"డబ్బూ, టైమూనండి. ఎన్నిసార్లు వాయిదా పడిందో మీకు తెలుసుగా. మొన్న తొమ్మిదో తారీకు కూడా అన్నారు, ఇవాళ్టికి జరిపారు."

నిజమే, ఈ సినిమా కింద ఆగిపోయిన సినిమాలు రెండున్నాయి. రజనీ కూతురు సౌందర్య ఇంతకు ముందు తండ్రిని యానిమేషన్ వీరుడిగా చూపిస్తూ 'సుల్తాన్ ది వారియర్' తలపెట్టింది, అది బయటికి రాలేదు. 2011 ఏప్రిల్ 29న 'రాణా' మొదలైంది. మొదలైన రోజే రజనీ ఒళ్లు బాగోక ఆసుపత్రికి వెళ్లాడు. చివరికి సింగపూర్ దాకా వెళ్లి కోలుకుని వచ్చాడు. గుర్రపు స్వారీలు, కత్తి యుద్ధాలు చేయించే సినిమా ఇక ఆ ఒంటితో వద్దనుకున్నారు. 'రాణా' పక్కకు పోయింది, దానికి ముందు కథగా ఇది పుట్టింది. తండ్రి అలసిపోకూడదని, తండ్రి ముసలివాడు కాకూడదని కూతురు వెతుక్కున్న దారి ఈ సాంకేతికత. అరవై మూడేళ్ల మనిషిని ఇరవై ఐదేళ్లవాడిగా చూసుకోవాలన్న కోరికను ఎవరూ ఎగతాళి చెయ్యలేరు. మెకానిక్ కూడా చెయ్యలేదు.

"మంచి బండేనండీ," అన్నాడు సమోసా తుంచుతూ. "ఇంజిను ఉంది, బాడీ కొత్తది, రంగు అదిరింది. సెల్ఫ్ కొడితే స్టార్ట్ అవట్లా."

రెండో సగం. నిజం చెప్పాలంటే సినిమా ఇక్కడే కాస్త కుదురుకుంది. తండ్రి విక్రమసింహుడి కథ వచ్చింది. జుట్టు విరబోసి శివతాండవం చేస్తుంటే, రెహమాన్ డోళ్లు నేలలోంచి వచ్చాయి. పొద్దున్నుంచి దాచుకున్న ఈలలు ఒక్కసారి బయటపడ్డాయి. మెకానిక్ కూడా లేచాడు. ఇక్కడెందుకు పనిచేసింది? నృత్యంలో ముఖం పాత్ర తగ్గింది, ఒంటి పాత్ర పెరిగింది. యంత్రం బాగా పట్టగలిగింది ఒంటినే. శిరచ్ఛేదం దృశ్యంలో కూడా కథ బలం చేతనే హాలు మౌనంగా ఉండిపోయింది. గీత తడబడిన చోట కూడా రాత నిలబెట్టుకుంది.

కానీ ఆ వెంటనే ఇద్దరు ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకునే దృశ్యం. ప్రేమ. దీపికా పదుకొణె ముఖం గీసిన ముఖమే, రజనీ ముఖం గీసిన ముఖమే. రెండు ముఖాల మధ్య ఏ గాలీ కదలలేదు. వెనక వరసలో ఎవరో నవ్వారు. ఆ నవ్వు చెడ్డది కాదు, ఇబ్బంది పడినప్పుడు వచ్చే నవ్వు.

ఆ ఇబ్బందికి ఒక లెక్క ఉంది. 1970లో మసాహిరో మోరి అనే జపాన్ రోబో శాస్త్రవేత్త ఒక వ్యాసం రాశాడు. బొమ్మ మనిషికి దగ్గరయ్యేకొద్దీ మనకు నచ్చుతూ పోతుంది. మరీ దగ్గరై, మనిషి కావడానికి ఇంకా కొంచెమే మిగిలిన చోట, ఆ నచ్చడం ఒక్కసారి లోయలో పడిపోతుంది. ఛోటా భీమ్‌కు నాలుగు గీతల ముఖం, చుక్కల కళ్లు. వాణ్ణి చూసి ఎవరూ జడుసుకోరు, ఎందుకంటే వాడు మనిషినని నటించడం లేదు. 'పోలార్ ఎక్స్‌ప్రెస్', 'బేవుల్ఫ్' హాలీవుడ్ వాళ్లవి, డబ్బుకు కొదవ లేనివి. అవి కూడా ఆ లోయలోనే పడ్డాయి, జనం వాటి కళ్లను చూసి జంకారు.

రజనీ విషయంలో ఆ లోయ ఇంకా లోతు. మామూలు బొమ్మను చూసినప్పుడు మనం మనిషితో పోలుస్తాం. ఈ బొమ్మను మాత్రం ఒకే ఒక్క మనిషితో పోలుస్తున్నాం. ఆ మనిషి ముఖం ఈ హాల్లో ప్రతివాడికీ కంఠతా వచ్చు. 1976లో 'అంతులేని కథ' నుంచి చూస్తున్నారు. 'పెదరాయుడు'లో పాపారాయుడి చుట్ట పొగ వెనక చూశారు. 'బాషా'లో ఆటోవాలా తల వంచుకుని ఊరుకున్నప్పుడు చూశారు. 'రోబో'లో చెడిపోయిన చిట్టి మేకలా అరిచి తన మాటకు తానే మురిసిపోయినప్పుడు చూశారు. 'రోబో'లో యంత్రం మాయ తక్కువేం కాదు, వందల చిట్టిలు కలిసి కొండచిలువయ్యాయి. అయినా దగ్గరి షాటు పడ్డప్పుడల్లా అక్కడున్నది రజనీ కన్నే, ఆ కంటిలోని అల్లరే. ఆయన్ని చూడటానికి వచ్చినవాళ్లకు ఆయన దొరికాడు. ఇవాళ ఆయన రెండు పాత్రల్లో ఉన్నాడు, చివర్లో మూడో పాత్ర కూడా తల చూపించి రెండో భాగం ఉందని ఆశపెట్టింది. మూడు పాత్రల్లో కలిపి వెతికినా ఆ అల్లరి దొరకలేదు.

ఇంకొకాయన కూడా ఉన్నాడు తెర మీద. నగేష్. 2009లో పోయిన హాస్యనటుణ్ణి కంప్యూటర్‌లో లేపి నిలబెట్టారు. మాట్లాడుతున్నాడు, నవ్విస్తున్నాడు. కొందరు నవ్వారు కూడా. మెకానిక్ నవ్వలేదు. "ఆయన పోయాడుగా," అన్నాడు మెల్లగా. "మళ్లీ ఎందుకు?"

సినిమా రెండు గంటలకు అటూ ఇటూగా అయిపోయింది. కళ్లద్దాలు తిరిగిచ్చి బయటికొస్తే ఎండ ముఖాన కొట్టింది. అదే వేళకు పక్క హాలు కూడా వదిలారు. 'మనం' చూసినవాళ్లు పైట చెంగులతో, జేబు రుమాళ్లతో కళ్లు ఒత్తుకుంటూ వస్తున్నారు, నవ్వుతూ కూడా వస్తున్నారు. ఆ కథలోనూ నమ్మశక్యం కానిదే ఉంది. పోయిన అమ్మానాన్నలు మళ్లీ పుట్టారు. తొంభైకి దగ్గరపడ్డ ముసలాయనకు తన తండ్రి కుర్రవాడిగా ఎదురవుతాడు. ఆ తండ్రి వేషంలో ఉన్నది సొంత కొడుకు నాగార్జున. లెక్కకు చూస్తే గుర్రం మీద వందమందిని నరికిన దానికన్నా ఇదే పెద్ద అసాధ్యం. ఎవరూ అడ్డు చెప్పలేదు. ఎందుకంటే తెర మీది ముసలితనం నిజం. తనకు క్యాన్సర్ అని 2013 అక్టోబరులో అందరి ముందూ చెప్పి, ఆ పైన కూడా పని ఆపకుండా, ఇంటి దగ్గరే పరికరాలు పెట్టించుకుని డబ్బింగ్ ముగించిన మనిషి గొంతు అది. దాంట్లో వణుకు ఉంటే అది వణుకే.

ఆ మనిషి కూడా ఈ గడ్డవాడే. గుడివాడ దగ్గరి రామాపురంలో పుట్టి, నాటకాల్లో ఆడవేషాలు కడుతూ తిరిగేవాడు. ఘంటసాల బలరామయ్య కంటబడింది ఇక్కడికి కూతవేటు దూరంలో ఉన్న విజయవాడ రైల్వే స్టేషన్లోనే. అలా 1944లో 'శ్రీ సీతారామ జననం'లో రాముడయ్యాడు. ప్లాట్‌ఫారం మీద ఒక ముఖం చూసి ఒక నిర్మాత ఆగాడు. డెబ్బయ్యేళ్ల తర్వాత అదే ఊళ్లో జనం అదే ముఖం కోసం బారులు తీరారు. మధ్యలో ఆ ముఖానికి పట్టిన వయసంతా వాళ్లకు తెలుసు, అదీ వాళ్లు చూడ్డానికొచ్చిందే.

టీ కొట్టు దగ్గర ఆగుతాం. పిల్లాడికి గోలీ సోడా. మెకానిక్ గ్లాసు పట్టుకుని చాలాసేపు ఏమీ అనలేదు. ఆయన అభిమానానికి ఏ ఢోకా లేదు, రేపు కొత్త సినిమా వస్తే మళ్లీ షెడ్డు మూస్తాడు. కానీ ఇవాళ ఈల సగంలో ఆగిన సంగతి ఆయనకు తెలుసు.

"ఎట్లా ఉందిరా?" పిల్లాణ్ణి అడిగాడు చివరికి.

"ఫైటింగులు బాగున్నయ్. కానీ మావయ్యా, ఆయనకి దెబ్బ తగిలితే నొప్పి పుట్టదు."

మనం సాయంత్రం దాకా మాట్లాడుకున్నా ఇంతకు మించి చెప్పలేం.

ఈ శుక్రవారానికి తెలియనివి కొన్ని ఉన్నాయి. ఏడాది తిరిగి ఇంకో నెలన్నరకు, 2015 జులై 10న, 'బాహుబలి' వస్తుంది. శివలింగాన్ని భుజాన ఎత్తుకున్న ప్రభాస్‌ను చూసి ఇదే గాంధీనగర్ వెర్రెత్తుతుంది. జలపాతం కంప్యూటర్‌ది, మెడ నరాలు మనిషివి. రజనీ కూడా 2018లో '2.0'తో, 2023లో 'జైలర్'తో సొంత ముఖంతో తిరిగొస్తాడు. 'జైలర్'లో నెరిసిన జుట్టును దాచుకోడు, దాన్నే ఆయుధం చేసుకుంటాడు. తాతయ్య కళ్లజోడు సర్దుకుంటే హాళ్లు ఊగుతాయి.

బొమ్మల సినిమాకు కూడా మంచి రోజు వస్తుంది. 2025 జులై 25న అశ్విన్ కుమార్ 'మహావతార్ నరసింహ' విడుదలవుతుంది. తెలుగు ఊళ్లలో కుటుంబాలు కుటుంబాలే కదిలి వెళతాయి. వసూళ్లు మూడు వందల కోట్లు దాటుతాయి. ఆ బొమ్మల్లో లోపాలు లేవా? ఉన్నాయి. మనుషుల కదలికలు అక్కడక్కడా బిగుసుకున్నాయి, కొన్ని ముఖాలు గేముల్లో చూసినవాటిలాగే ఉన్నాయి. 'విక్రమసింహ'కు వేసిన శిక్ష దానికి ఎందుకు వెయ్యలేదు జనం? పదకొండేళ్లలో యంత్రాలు మెరుగైన మాట నిజమే, అదొక్కటే కారణం కాదు. స్తంభంలోంచి వచ్చినవాడి ముఖం ఇలాగే ఉండాలని ఎవరికీ కొలత లేదు. యాదగిరిగుట్టలో ఒకలా, మంగళగిరిలో ఒకలా, అమ్మమ్మ చెప్పిన కథలో ఇంకోలా ఉంటాడు. పోల్చడానికి ఒరిజినల్ లేనివాణ్ణి గీయడంలో స్వేచ్ఛ ఉంది. రజనీకి ఒరిజినల్ ఉంది, చెన్నైలో బతికే ఉంది, ప్రతి తెలుగు ఇంట్లో ఏదో ఒక ఛానల్లో రోజూ కనిపిస్తూనే ఉంది.

కాబట్టి బొమ్మ వీరుడికి రెండే దారులు. గీసినవాడైతే ఛోటా భీమ్‌లా, నరసింహుడిలా పూర్తిగా గీసినవాడై ఉండాలి, తన ముఖం తనదై ఉండాలి. నటుడైతే ఘటోత్కచుడిలా, చిట్టిలా ఎంత మాయ చుట్టినా లోపల మనిషి కంటికి ఆనాలి. బతికున్న ముఖాన్ని పక్కనపెట్టి దాని నకలును అమ్మబోయింది 'విక్రమసింహ'. సొంత ముఖం లేక, అరువు ముఖం అతకక, మధ్యలో ఆగిపోయింది. శక్తులు ఎన్నైనా గీయొచ్చు, ఒక్క గీతతో కొండను ఎత్తించొచ్చు. ఎత్తేటప్పుడు ఆ చేతికి బరువు తెలిసిందో లేదో మాత్రం పదేళ్ల పిల్లాడు మొదటి పది నిమిషాల్లోనే పట్టేస్తాడు. ఇక మీద హైదరాబాదులోనో చెన్నైలోనో కొత్త బొమ్మ వీరుడికి రంగులు కలిపేవాళ్లు, ఎన్ని కోట్లు ఎన్ని కెమెరాలు అన్న లెక్క తీసేముందు, వాడికి నొప్పి ఎక్కడ పుడుతుందో తేల్చుకుంటే మంచిది. మిగతా పనికి యంత్రాలు ఉండనే ఉన్నాయి.